దక్షిణదేశపు తెలుగువారు – ఆరోగ్యబోధ వాఙ్మయము : ఒక విమర్శ

వాఙ్మయ విమర్శ యనగానే కావ్యములు, నాటకములు, నవలలు స్ఫురించుట సహజము. ఆసుపత్రి గోడకు అంటించిన కాగితమును, మందుచీటిని, పల్లెలలో పంచిపెట్టెడి కరపత్రమును విమర్శకులు సాధారణముగా వాఙ్మయమున జేర్పరు. అయినను వ్రాసినవాని మాట ఎవరికై వ్రాయబడినదో వారికి అందినదా, లేదా యను ప్రశ్నకు వీనికంటె కఠినమైన పరీక్షాస్థలము లేదు. కావ్యము బోధపడకున్న చదువరి దానిని మూసి పెట్టును. మందుచీటి బోధపడకున్న రోగము ముదురును. కావున ఈ చిన్న కాగితములను గూర్చియు భాషాదృష్టితో విచారించుట అనుచితము గాదు.

కోయంబత్తూరు నగరమున గాంధీపురము బస్సునిలయముల కూడలి. ఊళ్ళకు పోవువారు, నగరమునకు వచ్చువారు, క్రాసుకట్టు వీథి అంగళ్ళకై దిగువారు రేయింబవళ్ళు అచట క్రిక్కిఱిసి యుందురు. ఇట్టి తావుల గోడలపై క్షయను, డెంగీ జ్వరమును, మధుమేహమును గూర్చిన ప్రకటనలు తమిళమున గానవచ్చును. వాని క్రింద నిలిచి తమలో తాము మాటలాడుకొను ప్రయాణికులలోను, తెల్లవాఱక మునుపే వీథులూడ్చు పనివారిలోను తెలుగు మాట వినవచ్చుచుండును. ప్రకటన ఒక భాష, దాని క్రింది సంభాషణ మఱియొక భాష. ఈ రెంటి నడుమనున్న దూరమే ప్రస్తుత వ్యాసమునకు విషయము.

ఈ తెలుగువారు నిన్నమొన్న వచ్చినవారు గారు. 1529 ప్రాంతమున విశ్వనాథనాయకుడు మధుర కధిపతి యగుటకు మునుపే కొందఱు, అటుపిమ్మట మఱికొందఱు, విజయనగర రాజ్యముతోడను, కఱవులవలనను, అలజడులవలనను తరలివచ్చి కొంగునాటను, పాండ్యదేశమునను నిలిచిరి. నల్లరేగడి భూములను దున్నిన కమ్మవారు, రెడ్లు, వర్తకులైన బలిజలు, మగ్గమును నమ్మిన నేతగాండ్రు, కంబళత్తు నాయకులు, రాయికొట్టు వడ్డెలు, తోలుపనియు, పారిశుద్ధ్యపు పనియు చేసికొని బ్రదుకు అరుంధతీయులు — వీరి వృత్తులు వేఱు, సంపదలు వేఱు, ఇంటిమాట మాత్రము ఒక్కటి. 2011 నాటి జనాభా లెక్కలలో తమిళనాట తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడియుండిరి; అనగా నూటికి ఇంచుమించు ఆరుగురు. ఇంట తెలుగు పలుకు కుటుంబమున జనించి తమిళమున మహాకథకుడైన కి. రాజనారాయణన్ (1923–2021) తన ‘గోపల్ల గ్రామము’ను 1976లో ప్రకటించెను. ఆడుబిడ్డను పాలకుని బారినుండి దాచుకొని, రాత్రికి రాత్రి ఊరు విడిచి, దక్షిణాపథమున అడవి కొట్టుకొని నిలిచిన తెలుగుజనుల కథ అది. నేటి వాడుకలో వారిని శరణార్థులనవలసినదే. ఆ భయము పోయి శతాబ్దములైనది. వలసవాని భాషాస్థితి మాత్రము కొంత మిగిలియున్నది: గడప లోపల ఒక మాట, గడప వెలుపల మఱియొక మాట.

వీరందఱికి తమిళము వచ్చును గదా, వేఱుగా తెలుగుబోధ యేల యని అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అభిమానముచేత దీనిని త్రోసిపుచ్చువారు తమ వాదమునకే అపకారము చేసికొందురు. తరతరములుగా తమిళులతో కలిసిమెలిసి యున్నవారికి తమిళము రాదనుట హాస్యాస్పదము. వారు బడిలో చదివినది తమిళము, సంతలో బేరమాడునది తమిళము, చూచెడి చలనచిత్రము తమిళము. కాని ఒక భాష వచ్చుట వేఱు, ఆ భాషలో తన యొంటిబాధను విప్పి చెప్పుకొనగలుగుట వేఱు. తెలుగున నొప్పి యొక్కటి గాదు. పుండు సలుపును, ప్రక్కలో పొడుచును, కీళ్ళు పీకును, అరికాళ్ళు మండును, వ్రేళ్ళు తిమ్మిరెక్కును. మధుమేహము ముదిరినవాని పాదములను గూర్చి వైద్యుడు తెలిసికొనవలసినది సరిగా ఈ కడపటి రెండు మాటలలోనే యున్నది. తమిళమునను ఇట్టి సూక్ష్మభేదములు లేకపోలేదు. కుత్తల్, కుడైచ్చల్, ఎరిచ్చల్ అని వారును వేఱువేఱుగా చెప్పుకొందురు. చిక్కు ఎక్కడ ననగా, పరభాషలో మాటలాడునపుడు మనుజుడు సామాన్యపదములను మాత్రమే పట్టుకొని వ్రేలాడును. ఇంట పది మాటలతో చెప్పుకొన్న బాధను వృద్ధస్త్రీ వైద్యుని యెదుట ‘వలి’ యను నొక్క మాటతో ముగించును. (తెలుగు నిఘంటువులలో వలి యనగా చలి!) అట్లే తల తిరుగుటకు తమిళులు వాడు ‘మయక్కం’ అను మాట తెలుగు చెవికి మైకమును స్ఫురింపజేయును. మైకమనగా త్రాగినవాని మత్తు. చక్కెర పడిపోవుటచే కండ్లు బైర్లు క్రమ్మినదా యని అడుగబడిన పెద్దవాడు, అట్టిదేమియు తనకు లేదని తల యడ్డముగా త్రిప్పిన ఆశ్చర్యము లేదు.

ఇంకను బిడియమను నొకటి గలదు. ఇండ్లలో తమిళము బాగుగా వచ్చినవారు బడికి పోవు పిల్లలు. ఆసుపత్రిలో అవ్వకు మనుమరాలే దుబాసి. జ్వరమును, కాలినొప్పిని గూర్చి ఆ బాలిక చక్కగనే చెప్పును. ముట్లుడిగిన ఎన్నో యేండ్లకు మరల నెత్తురు కనబడుచున్నదని ఏ యవ్వయు పదేండ్ల పిల్ల నోట చెప్పింపదు. గర్భాశయమున పుట్టు క్యాన్సరునకు అది యొక ముఖ్యసూచన యని ఆమెకు తెలియదు. తెలుపవలసిన కరపత్రము అందఱికి అర్థమగు భాషలో నుండి, ఆమెకు మాత్రము అందని చోట నున్నది. ఆరోగ్యబోధయందు భాషాలోపమువలన కలుగు హాని పెక్కుసారులు ఇట్టిదే: అపార్థము గాదు, మౌనము.

ఇక పత్రముల భాషకు వత్తము. ఒక్క వ్యాధిని తీసికొని చూచిన చాలును. ఊపిరితిత్తుల నాశ్రయించు ఆ దీర్ఘరోగమును తెలుగువారు క్షయ యందురు, తమిళులు కాసనోయి యందురు. రెండును సంస్కృతపదములనుండి వచ్చినవే. కాని కాసమనగా దగ్గు, క్షయమనగా కృశించిపోవుట. తమిళపు పేరు రోగపు మొదటి గుర్తును పట్టుకొన్నది, తెలుగు పేరు కడపటి గుర్తును పట్టుకొన్నది. రెండు వారములు దాటిన దగ్గు ఉన్నవారు కఫపరీక్ష చేయించుకొనవలెనని ఆరోగ్యశాఖ బోధ. తెలుగునాట అచ్చొత్తిన కరపత్రము ‘క్షయ’ యను శీర్షికతో వచ్చినపుడు, దగ్గుచు పనికి పోవుచున్న కండగల మనుజుడు అది తనను గూర్చినదని తలపడు. క్షీణించి మంచము పట్టినవానిని గూర్చినదని దాటిపోవును. తలచినను, ఆ పేరు ఇంటికి తెచ్చు అపకీర్తికి వెఱచును. పెండ్లి కెదిగిన పిల్ల యున్న ఇంట ఈ భయము మఱింత యెక్కువ. ఈ విషయమున తమిళపు పేరే మేలైనదని ఒప్పుకొనుటకు తెలుగువారు సంకోచింప నక్కఱలేదు. అయితే తమిళపత్రమునను దగ్గు కనబడునది ఆ సంస్కృతధాతువును గుర్తించు విద్యావంతునకే. ఇంట దగ్గును దగ్గు అని పిలుచు తెలుగుస్త్రీకి కాసనోయియు నొక పెద్దరోగపు పేరు మాత్రమే.

ఈ వ్యాధి చికిత్సకును ఇంటికిని గల సంబంధము ప్రపంచమునకు తెలిసినది ఈ దక్షిణదేశముననే యను సంగతి ఇచట స్మరింపదగియున్నది. 1956లో చెన్నపురిలో క్షయ రసాయనచికిత్సా పరిశోధనకేంద్రము నెలకొల్పబడెను. పేదరోగులలో కొందఱికి శానిటోరియమునను, కొందఱికి వారి యిండ్లయందును ఒకే విధమైన మందులిచ్చి చూచిరి. ఇంట నుండి మందు మ్రింగినవారును శానిటోరియమువారితో సమానముగా కోలుకొనిరని 1959లో ప్రకటితమైన ఫలితములు తెలిపినవి. నాటినుండి చికిత్స ఆసుపత్రి ప్రహరీ దాటి ఇల్లు చేరినది. మందు ఇల్లు చేరినపుడు మందును గూర్చిన మాటయు ఇంటిమాట కావలెను గదా! ఆ రెండవ యడుగు మాత్రము సరిగా పడలేదు. సాధారణ క్షయకు మందు ఆరు నెలలు మానక మ్రింగవలెను; రెండు మూడు నెలలలో దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒంటికి సత్తువ వచ్చినతోడనే మానినచో రోగము తిరుగబెట్టుటయే గాక మందులకు లొంగని రూపము దాల్చును. బాగుపడినను మానవలదని చెప్పుట ఏ భాషలోనైనను కష్టము. సగము బోధపడిన భాషలో చెప్పుట ఇంకను కష్టము.

వ్యాధినామమునకు ఇంత ప్రాముఖ్య మిచ్చుట పండితుల చాదస్తమని తోచువారికి బంగ్లాదేశపు అనుభవము సమాధానము చెప్పును. 1971లో తూర్పు బెంగాలునుండి కాందిశీకులు లక్షలుగా సరిహద్దు దాటి వచ్చినపుడు బనగావ్ ప్రాంతమున కలరా చెలరేగెను. సిరలలో నెక్కించు ద్రవము చాలకపోగా డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పదివఱకు నున్న మరణములు నాలుగింటికి లోబడినవి. పిమ్మట, 1980 మొదలు పదేండ్లపాటు, బ్రాక్ అను సేవాసంస్థ బంగ్లాదేశమున ఇంటింటికి స్త్రీలను పంపి కోటికి పైగా తల్లులకు ఈ విద్యను నోటిమాటగా నేర్పెను. చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అరసేరు నీరు — ఇవియే కొలతలు. నేర్పిన స్త్రీకి ప్రతిఫలము, తల్లులు పిమ్మట ఎంత జ్ఞప్తియందుంచుకొనిరో దానినిబట్టి ఇచ్చెడివారు. ఇంత చేసినను మొదట తల్లులు ఆ నీటిని తగినంతగా వాడరైరి. విచారింపగా తేలినదేమనగా, ఆ తల్లులు విరేచనములను నాలుగు విధములుగా విభజించి నాలుగు పేర్లతో పిలుచుచుండిరి. బోధకురాండ్రు వాడిన ‘డయేరియా’ యను పదము వారికి కలరావంటి ఉగ్రరూపమునకు మాత్రమే చెల్లుచుండెను. తక్కిన మూడింటికి ఈ నీరు వర్తింపదని వారు సహేతుకముగనే భావించిరి. పేర్లను సవరించినపిమ్మటనే బోధ సఫలమాయెను. అది బెంగాలీలకు బెంగాలీలు బెంగాలీలో చేసిన బోధ. ఒకే భాషలోనే ఇంత యగడ్త యున్నపుడు రెండు భాషల నడుమ నెంత యుండునో ఊహింపవచ్చును.

తెలుగున ఆరోగ్యవిషయిక గ్రంథములు లేకపోలేదు. వానిలో పెక్కింటికి చెన్నపురియే పుట్టినిల్లు. ఆయుర్వేద వైద్యుడైన కె. ఎన్. కేసరి 1928లో అచటినుండి ‘గృహలక్ష్మి’ పత్రికను నడుప నారంభించెను. ఆచంట లక్ష్మీపతి వైద్యమును తెలుగు చదువరులకు సన్నిహితము చేయుటకు జీవితమంతయు పాటుపడెను. ఇటీవలి కాలమున హైదరాబాదు బుక్ ట్రస్టువారు ప్రచురించిన ‘వైద్యుడు లేని చోట’ ఈ శాఖయందు చెప్పుకోదగిన గ్రంథము. డేవిడ్ వెర్నరు మెక్సికో కొండపల్లెల జనులకై తొలుత స్పానిషున వ్రాసిన పుస్తకము దానికి మూలము. ఆ మూలగ్రంథపు మొదటి ప్రకరణము రోగములతో గాక ఇంటివైద్యములతోను, జనుల నమ్మకములతోను మొదలగును. నమ్మకములన్నిటిని మూఢమని కొట్టివేయక, ఇది మేలు చేయును, ఇది హాని చేయదు, ఇది ప్రాణము తీయును అని వేఱుచేసి చూపును. ఇది గొప్ప బోధకుని లక్షణము. కోయంబత్తూరున ప్లేగు మారియమ్మ గుళ్ళు నేటికిని గలవు. ఊరు మహమ్మారికి వడకినపుడు వెలసిన దేవత యామె. 2021లో అదే నగరమున కరోనాదేవికిని విగ్రహము నిలిపిరి. ఈ గుళ్ళను జూచి నవ్వునట్టి కరపత్రమును వ్రాయుట సులభము. గుడికి వచ్చిన తల్లితో సూది మందును గూర్చి మాటలాడునట్టి కరపత్రమును వ్రాయుటకే వెర్నరువంటి ఓపిక కావలెను.

అయితే పై గ్రంథములన్నిటికి ఉమ్మడిగా ఒక పరిమితి గలదు. అవి తెలుగులిపి చదువగలవారి నుద్దేశించినవి. మధుర, కోయంబత్తూరు ప్రాంతములలో తెలుగు మాటలాడువారిలో మిక్కిలి పెద్దభాగము తెలుగు చదువలేరు. ఇది దుఃఖకరమైనను సత్యము. ఇందు చరిత్ర చేసిన పరిహాసము ఒకటి గలదు. తెలుగు వచనము గ్రంథరచనకు సాధనముగా వికసించినది మధుర నాయకుల యేలుబడిలోనే. విజయరంగ చొక్కనాథుడు శ్రీరంగమాహాత్మ్యమును, అతని కాలపు కవియైన సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతమును వచనమున రచించిరి. ఆ వచనము వర్ధిల్లిన పురముననే నేడు తెలుగు కుటుంబము తెలుగున వ్రాసిన మందుచీటిని చేతబట్టుకొని చదువరికై వెదకవలసి యుండును. 2006లో తమిళము పాఠశాలలలో నిర్బంధపాఠ్యమగుటతో అల్పసంఖ్యాకుల పాఠశాలలలో తెలుగుకు మిగిలిన చోటు మఱింత ఇఱుకైనది; కాని ఆ చట్టమునకు ఎన్నో యేండ్లకు మునుపే ఇండ్లలో తెలుగు వ్రాత అడుగంటినదని ఒప్పుకొనవలెను. మిగిలిన పాఠశాలలలోని వాచకములు ఈ లోటును తీర్చునవా యన్న, అదియు లేదు. వానిలోని ఆరోగ్యపాఠము వేకువ స్నానమును, వేపపుల్లను, పచ్చికూరలను శ్లాఘించి ముగియును. దగ్గు మాట అందుండదు.

ఈ పరిస్థితిలో రెండు విధములైన ప్రయత్నములు కనబడుచున్నవి. రెండును లోపభూయిష్ఠములే. తమిళపత్రములను తెలుగునకు యథాతథముగా మార్చుట మొదటిది. తెలుగు రాష్ట్రముల పత్రములను తెచ్చి పంచుట రెండవది. తెలుగు సంఘములవారికి రెండవదానియందు మక్కువ యెక్కువ. ఆ పత్రములు తెలుగులిపిలో ముద్దుగా నుండును, పంచినవారికి భాషాసేవ చేసిన తృప్తి కలుగును. వాని వాక్యములు ఎట్లుండునో నమూనాగా ఒకటి కల్పించి చూడవచ్చును: “దీర్ఘకాలిక కాస, సాయంకాల జ్వరము, శరీరభార క్షీణత మున్నగు లక్షణములు గల వ్యక్తులు సమీప ఆరోగ్యకేంద్రమున కఫపరీక్ష చేయించుకొనవలెను.” ఇందు వ్యాకరణదోషము లేదు. ఇందు మనుజుడును లేడు. ‘వ్యక్తులు’ ఎవరో తెలియదు. ఇదే సంగతిని కొంగునాటి తెలుగింట చెప్పవలసినచో ఇట్లుండును: “అవ్వా, దగ్గు పట్టి రెండు వారాలాయె గదా, ఇంకా నిలవలేదా? మాపటికి ఒళ్ళు కాగుతుందా? ఆస్పత్రికి పోయి గళ్ల చూపించు. దుడ్డు అడగరు.” కడపటి రెండు మాటలు మొదటి నమూనాలో లేవు. దినకూలికి పోవువానికి మొదట తెలియవలసినది అదియే.

పదముల యెంపికయందును అభిమానము అడ్డము వచ్చుచున్నది. టీకా యను మాట తెలుగు రాష్ట్రములవారికి రోగనిరోధక సూదిని దెలుపును. పండితునకు కావ్యవ్యాఖ్యను దెలుపును. దక్షిణదేశపు ఇంట సూది యనియో, తమిళపు ‘ఊసి’ యనియో అన్న తెలియును. బడిలో పెట్టు మధ్యాహ్నభోజనము 1982నుండి తమిళనాట పిల్లలందఱికి ‘సత్తుణవు’. దానిని పౌష్టికాహారమని దిద్దుట వ్యర్థశ్రమ. పైగా ఆ తమిళపదమున సత్తువ యను తెలుగుమాట తొంగిచూచుచునే యున్నది. నెత్తురు తక్కువైన గర్భవతికి ‘రక్తహీనత’ యని చెప్పుటకంటె నెత్తురు తక్కువైనదని చెప్పుటే మేలు. ‘కడుపుతో నున్నది’ యను మాట గ్రామ్యమని తొలగించి గర్భిణి యని వ్రాయువారు, ఆ మాటను ఇంట వినుచు పెరిగిన ఆడుబిడ్డను బయట నిలిపి మాటలాడుచున్నట్లే. శుద్ధభాషాభిమానము పద్యమునకు శోభనిచ్చుగాక. మందునకు దాని పని లేదు.

కోవిడు వ్యాపించిన కాలమున ఆస్ట్రేలియా మొదలగు దూరదేశములలో ప్రవాసులకై ఇతరభాషలతోపాటు తెలుగునను సూచనపత్రములు వెలువడినవి. సంతోషింపవలసినదే. అచటి తెలుగువారిలో పెక్కుమంది తెలుగులిపిని, ఆంగ్లమును చదువనేర్చినవారు. ఆ పత్రములు ముఖ్యముగా వారి యింటికి వచ్చిన తల్లిదండ్రులకు ఉపకరించును. ఇచట వీథులూడ్చు అరుంధతీయ స్త్రీకి, మురుగుకాలువల విషవాయువు ప్రాణము తీయునను సంగతి ఇంటిమాటలో చెప్పిన కాగితమును, రాతిదుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని ఊపిరిని హరించునను సంగతిని వడ్డెకు చెప్పిన కాగితమును వెదకవలసియే యున్నది. ఈ రెండు వృత్తులవారికి తెలుగు వంశపారంపర్యముగా వచ్చినట్లే ఈ రెండు రోగభయములును వచ్చినవి. సంఘముల సంచికలలో నాయకరాజుల శాసనములకు దొరకు పుటలలో పదియవవంతైనను వీరికి దొరకినదా యని అడుగుట తప్పుగాదు.

అధికారులయందు తప్పులేదని కాదు. 1956లో రాష్ట్రముల పునర్విభజన సమయమున భాషాల్పసంఖ్యాకులకై అంగీకరింపబడిన రక్షణలలో, వారు తగిన నిష్పత్తిలో నున్న స్థలములయందు ముఖ్యప్రకటనలను వారి భాషలోను వెలువరింపవలెనను నియమము గలదు. ఆరోగ్యప్రకటనకంటె ముఖ్యప్రకటన యేది? కాని ఈ హక్కును అడుగువారు దాని ఫలమునుగూడ ముందుగా ఊహించుకొనవలెను. గాంధీపురమున తమిళపు పలక ప్రక్క తెలుగులిపి పలక నిలిచినచో కంటికి పండుగ. దానిని చదువువారు తిరుపతినుండి దిగిన ప్రయాణికులు. దాని క్రింద ఊడ్చు ఇల్లాలు రెండు పలకలను ఒకే విధముగా దాటిపోవును.

మఱి లిపి విషయమున చేయవలసినదేమి? తెలుగును తమిళలిపిలో వ్రాయుట యను నుపాయము ఒకటి గలదు. వినుటకు కొందఱికి కష్టముగా నుండును. దాని యిబ్బంది మనస్సునకు సంబంధించినది మాత్రమే కాదు. నిజమైన అపాయము గలదు. తమిళలిపిలో క, గ లకు ఒకటే అక్షరము. ట, డ లకు ఒకటే. ప, బ లకు ఒకటే. గంట, కంట, కండ — ఈ మూడు మాటలు తమిళాక్షరములలో ఒక్కటే. మధురలో 1976న డాక్టరు గోవిందప్ప వేంకటస్వామి పదునొకండు పడకలతో ఆరంభించిన అరవింద నేత్రవైద్యశాల నేడు లోకప్రసిద్ధము. శుక్లములు తీయించుకొనుటకు ఆ ప్రాంతపు పల్లెలన్నిటినుండి వృద్ధులు ఆ నగరమునకు వత్తురు. చికిత్స యైన వృద్ధునకు ‘గంటకొక చుక్క’ యని వ్రాసి యిచ్చిన తెలుగుచీటి, తమిళలిపిలో నున్నచో, కంటనొక చుక్కగా దోచుటకు వీలున్నది. ఇంతకన్న భయంకరమైనది తాగు, తాకు అను జంట. పైపూత మందు సీసాపై ‘తాగవద్దు’ అని వ్రాసినచో ఒకడు తాకవద్దని చదువుకొని దానిని మూలనుంచును. పురుగులమందు డబ్బాపై ‘తాకవద్దు’ అని వ్రాసినచో మఱియొకడు, తాగుట మాత్రమే కూడదనుకొని, వట్టిచేతులతో కలుపును.

ఈ చిక్కునకు పరిష్కారము మాత్రము దక్షిణదేశమున చిరకాలముగా సిద్ధముగా నున్నది. త్యాగరాజు కృతులను తమిళలిపిలో ముద్రించు సంగీతగ్రంథములలో వర్గాక్షరముల ప్రక్క రెండు, మూడు, నాలుగు అను చిన్న అంకెలు వేయుదురు. అంకె లేనిది క, రెండు వేసినది ఖ, మూడు వేసినది గ, నాలుగు వేసినది ఘ. తెలుగు అక్షరమెఱుగని గాయకులెందఱో ఈ అంకెల సాయముననే స్ఫుటముగా తెలుగు పలుకుచున్నారు. ఒక కృతియందు గకారము కకారము కాకుండుటకు ఇంత శ్రద్ధ వహించిన సమాజము, అదే అంకెను మందుసీసాపై వేయదలచినచో నూతనముగా కనిపెట్టవలసినదేమియు లేదు. బడిలో తమిళము చదివిన పిల్లకు ఆ నాలుగంకెలు నేర్పుట ఒక పూట పని. ఇట్టి వ్రాతవలన తెలుగులిపి నశించునని వాదించువారు కలరు. లిపిని నిలుపుట పాఠశాల కర్తవ్యము. దానికి కావలసిన యేండ్లు పాఠశాలకు గలవు, రోగికి లేవు.

వ్రాతకు ముందుది వాక్కు. 2021 ఆగస్టు 5వ తేదీన తమిళనాడు ప్రభుత్వము ‘మక్కళై తేడి మరుత్తువం’ — జనులను వెదకికొని వచ్చు వైద్యము — అను పథకమును కృష్ణగిరి మండలపు సామనపల్లెలో ప్రారంభించెను. రక్తపుపోటు, మధుమేహము గలవారి యిండ్లకే స్త్రీకార్యకర్తలు పోయి, పరీక్షించి, మాత్రలు ఇచ్చివత్తురు. తెలుగు, కన్నడము విరివిగా వినబడు కృష్ణగిరి మండలమున ఇది మొదలిడుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని ఆరోగ్యబోధకు ఇంతకంటె మంచి వాహనము లేదు. గోడపై ప్రకటనవలె ఇది వచ్చిపోవువారికై నిలిచియుండదు. గడప లోపలికి వచ్చి కూర్చుండును. ఆ కార్యకర్తలలో ఇంట తెలుగు పలుకువారు ఎందఱున్నను, తెలుగు పేటలకు వారినే పంపుటకు ప్రత్యేకమైన నిధులు, ఉత్తర్వులు అక్కఱలేదు. ఎవరింట ఏ మాట యని ఒక గడి ఆ పుస్తకమున జేర్చిన చాలును. వారి చేతికీయదగినది పెద్ద గ్రంథము గాదు. బొమ్మలతో, తమిళలిపిలో, అంకెలు వేసిన తెలుగుమాటలతో నాలుగు పుటల పొత్తము. అదే మాటలను పేటలోని స్త్రీగొంతుతో చేతిఫోనున వినిపించునట్టి చిన్న ముద్రణ.

అట్టి పొత్తమును వ్రాయుటకు పండితుడు కావలెను, అక్షరదోషములను, అర్థసందిగ్ధతను పట్టుకొనుటకు. వైద్యుడు కావలెను, మందు మోతాదు తప్పకుండుటకు. అచ్చుచిత్తును కడపట దిద్దవలసినది మాత్రము వీరిరువురు గారు. సింగానల్లూరు పేటలోనో, మధుర చేరువ పల్లెలోనో చదువురాని ఒక యవ్వకు దానిని చదివి వినిపించి, కొన్నాళ్ళు తాళి, విన్నది ఏమని అడుగవలెను. ఆమె తన మాటలలో తిరిగి చెప్పినదానిలో ఏ సంగతి తప్పిపోయినదో చూచి ఆ వాక్యమును మార్చవలెను. సంగతి సరిగా నిలిచి మాట మాత్రము మాఱియున్నచో, అచ్చున ఆమె మాటనే ఉంచవలెను.